బాకీగా మిగిలిన సోషలిజం: చైనా కార్మికులు రెండు వ్యవస్థలను ఎలా చూస్తున్నారు

క్లుప్తంగా: చైనాలో కార్మికులకు సోషలిజం కావాలా, పెట్టుబడిదారీ విధానం కావాలా అన్న ప్రశ్నకు ఎవరిని అడిగామన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. ప్రభుత్వ కర్మాగారాల్లో పనిచేసిన పాత తరానికి సోషలిజం అంటే ఒకప్పుడు చేతికిచ్చి తర్వాత లాక్కున్న హక్కులు. పల్లెల నుంచి వచ్చిన వలస కార్మికులకు అది ఎన్నడూ అందలేదు. వాళ్లు జీతం, బీమా, చట్టం గురించి మాట్లాడతారు. నగరాల్లోని యువ ఉద్యోగులు, డెలివరీ రైడర్లు యజమానిని "పెట్టుబడిదారు" అని తిడుతూనే కేంద్ర ప్రభుత్వాన్ని నమ్ముతారు. ఈ మూడు వైఖరులూ ఎలా ఏర్పడ్డాయి, అవి ఒకే రాజకీయ ధోరణిగా ఎందుకు కలవలేదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాలకుల మాటే పాలితుల చేతిలో

చైనా ఇంకా సోషలిస్టు దేశమేనా అన్న చర్చ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు, శ్రీకాకుళ పోరాట కాలంలో, 1978 తర్వాత డెంగ్ సియావోపింగ్ సంస్కరణలు మొదలైనప్పుడు ఇక్కడి వామపక్షాలు దీనిమీద తీవ్రంగా వాదించుకున్నాయి. పార్టీ తీర్మానాలు, ఉత్పత్తి సాధనాల యాజమాన్యం, ప్రైవేటు రంగం వాటా చుట్టూ ఆ వాదనలు సాగాయి. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి ఏమనుకుంటున్నాడన్నది వాటిలో పెద్దగా కనిపించదు.

చైనా రాజ్యాంగం మొదటి అధికరణం ఆ దేశాన్ని "కార్మికవర్గ నాయకత్వంలోని" సోషలిస్టు రాజ్యంగా నిర్వచిస్తుంది. 1992లో పార్టీ 14వ మహాసభ "సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ"ను లక్ష్యంగా ప్రకటించింది. ప్రైవేటు రంగం ఆర్థిక వ్యవస్థలో ముఖ్యమైన భాగమని 1999 సవరణ అంగీకరించింది. చట్టబద్ధమైన ప్రైవేటు ఆస్తి ఉల్లంఘించరానిదని 2004 సవరణ చేర్చింది. 2001 జూలైలో అప్పటి పార్టీ అధినేత జియాంగ్ జెమిన్ ప్రసంగంతో ప్రైవేటు పారిశ్రామికవేత్తలకు పార్టీ సభ్యత్వం దారి తెరుచుకుంది. ఇవాళ పార్టీలో దాదాపు 10 కోట్ల మంది సభ్యులుంటే, కార్మికులుగా నమోదైనవారు 7 శాతం కన్నా తక్కువ. జీడీపీలో 60 శాతానికి పైగా, పట్టణ ఉద్యోగాల్లో 80 శాతానికి పైగా ప్రైవేటు రంగానివేనని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

చాలా దేశాల్లో సోషలిజం ప్రతిపక్షాల నినాదం. చైనాలో అది పాలక పార్టీ మాట. కాబట్టి అక్కడ కార్మికుడు ఆ మాట ఎత్తితే కొత్త వ్యవస్థ అడుగుతున్నాడని అనుకోనక్కర్లేదు. ప్రభుత్వం ఇచ్చిన మాటను ప్రభుత్వానికే గుర్తుచేస్తున్నాడు. "ఎన్నికలు కావాలి" అన్న నినాదంతో పోలిస్తే ఇందులో ప్రమాదం తక్కువ. ఈ అంశాన్ని పట్టించుకోకుండా నినాదాలు మాత్రమే చదివితే, మావో చిత్రపటం పట్టుకున్న ప్రతివాడూ మావోవాదిలా కనిపిస్తాడు.

దాన్వెయ్ ఇచ్చినదీ ఇవ్వనిదీ

1951 కార్మిక బీమా నిబంధనలు, 1956లో వచ్చిన ఎనిమిది అంచెల జీతాల పద్ధతి కలిసి పట్టణ ప్రభుత్వ కార్మికుడి జీవితాన్ని ఒక చట్రంలో పెట్టాయి. దాన్వెయ్ అనే పని యూనిట్ ఉద్యోగంతో పాటు నామమాత్రపు అద్దెకు ఇల్లు, వైద్యం, పిల్లలకు శిశుకేంద్రం, బడి, భోజనశాల, స్నానశాల, చివరికి పెన్షన్ ఇచ్చేది. పెద్ద కర్మాగారాలకు సొంత ఆసుపత్రులు ఉండేవి. ఉద్యోగం పోవడమన్నది దాదాపు ఉండేది కాదు. అందుకే దాన్ని "ఇనుప అన్నం గిన్నె" అన్నారు.

ఇదంతా అందరికీ దక్కిందనుకుంటే పొరపాటు. 1958లో వచ్చిన హుకౌ (నివాస నమోదు) నిబంధనలు ఊరి మనిషిని ఊరికి, పట్టణవాసిని పట్టణానికి కట్టేశాయి. రైతులు ఈ చట్రానికి బయటే ఉండిపోయారు. కర్మాగారాల్లోపల కూడా తాత్కాలిక కార్మికులకు ఈ సౌకర్యాలు లేవు. 1957లో షాంఘైలో జరిగిన సమ్మెల్లో ఇలాంటి అంచుల్లో ఉన్నవారే ఎక్కువ. శాశ్వత కార్మికుల జీతాలు కూడా 1950ల చివరి నుంచి 1970ల చివరి వరకు పెద్దగా పెరగలేదు. ఇళ్లు ఇరుకు. ప్రతివారి ప్రవర్తన నమోదు చేసే వ్యక్తిగత ఫైలు యూనిట్ చేతిలో ఉండేది. ఉద్యోగం మారాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా యూనిట్ ముద్ర తప్పనిసరి.

అయినా పాత కార్మికుల జ్ఞాపకంలో బరువుగా నిలిచింది భద్రత, దాంతో పాటు హోదా. 1960లో మావో ఆమోదించిన "ఆన్‌షాన్ ఉక్కు కర్మాగార నియమావళి" ప్రకారం అధికారులు యంత్రాల దగ్గర పనిచేయాలి, కార్మికులు నిర్వహణలో పాలుపంచుకోవాలి, అసంబద్ధ నియమాలు మార్చాలి, సాంకేతిక సమస్యలను కార్మికులు, అధికారులు, ఇంజినీర్లు కలిసి పరిష్కరించాలి. ఆచరణలో ఇది ఎంత జరిగిందన్నది కర్మాగారాన్ని బట్టి, రాజకీయ ఉద్యమాల ఉధృతిని బట్టి మారింది. కానీ మేనేజర్ తమతో ఒకే భోజనశాలలో తిన్నాడని, జీతంలో తేడా కొద్దిపాటిదేనని గుర్తున్న మనిషికి, అదే కుర్చీలోని మేనేజర్ కర్మాగారాన్నే కొనేసినప్పుడు కలిగే కోపానికి కారణం ఇక్కడుంది.

1997 తర్వాత లెక్క ఎలా తెగింది

1986లో కొత్తగా చేరేవారికి కాంట్రాక్టు పద్ధతి మొదలైంది. అసలు దెబ్బ 1997లో 15వ మహాసభ తర్వాత పడింది. "పెద్దవాటిని పట్టుకో, చిన్నవాటిని వదిలెయ్" అన్న సూత్రంతో వేల ప్రభుత్వ సంస్థలు అమ్ముడయ్యాయి, విలీనమయ్యాయి, మూతపడ్డాయి. 1995లో ప్రభుత్వ యూనిట్లలో 11 కోట్లకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య 2005 నాటికి దాదాపు 6.5 కోట్లకు పడిపోయింది.

ఈ తొలగింపును అధికారికంగా నిరుద్యోగం అనలేదు. "పని స్థానం నుంచి దిగడం" అన్నారు. దానికో క్రమం ఉంది. తొలగించిన కార్మికుడి పేరు ముందు సంస్థ నడిపే పునరుద్యోగ సేవా కేంద్రంలో నమోదవుతుంది. మూడేళ్ల వరకు జీవన భృతి, పెన్షన్ చందా అక్కడి నుంచి రావాలి. ఆలోగా పని దొరక్కపోతే సంస్థతో సంబంధం తెగిపోయి, రెండేళ్ల వరకు నిరుద్యోగ బీమా అందుతుంది. అదీ అయిపోతే నగరపాలన ఇచ్చే కనీస జీవన భరోసా. మరో దారి మన వీఆర్‌ఎస్ లాంటిది: సర్వీసు ఏళ్లను లెక్కగట్టి ఒకేసారి సొమ్ము ఇచ్చి పంపేయడం.

కాగితం మీద ఇది పకడ్బందీగానే ఉంది. తప్పింది నిధుల దగ్గర. సేవా కేంద్రం ఖర్చులో మూడోవంతు సంస్థ, మూడోవంతు స్థానిక ప్రభుత్వం, మూడోవంతు బీమా నిధి వంటి ఇతర వనరులు భరించాలి. మూతపడబోయే సంస్థ దగ్గర తన వంతు డబ్బు ఉండదు. ఊరంతా అలాంటి కర్మాగారాలే ఉన్న ఈశాన్య పట్టణాల్లో పన్ను వసూళ్లు కూడా వాటితోనే కూలిపోయాయి. పెన్షన్ నిధి నగర స్థాయిలో ఉండటంతో దివాలా తీసిన నగరంలోని పెన్షనర్లకు షాంఘై మిగులు ఉపయోగపడలేదు. 1994 పన్నుల సంస్కరణ ఆదాయాన్ని కేంద్రానికి, బాధ్యతలను స్థానిక ప్రభుత్వాలకు నెట్టిన ఫలితం ఇక్కడ నేరుగా తగిలింది.

2002 మార్చిలో లియావోనింగ్ రాష్ట్రంలోని లియావోయాంగ్‌లో, హెయిలోంగ్‌జియాంగ్‌లోని దాచింగ్ చమురు పట్టణంలో వేల మంది వీధుల్లోకి వచ్చారు. లియావోయాంగ్ కార్మికులు జీతాల, పెన్షన్ బకాయిలతో పాటు మేనేజర్లు, నగర నాయకులు కుమ్మక్కై ఫెర్రో అల్లాయ్ కర్మాగారాన్ని ముంచారని ఆరోపించారు. దాచింగ్‌లో ఒకేసారి సొమ్ము తీసుకుని వెళ్లినవారు, చలికాలపు వేడి ఖర్చుల భృతి ఆగిపోవడంపై, పెన్షన్ చందా పెరగడంపై రోడ్డెక్కారు. లియావోయాంగ్ ఊరేగింపులో మావో చిత్రపటం ముందు నడిచింది. కోరిన బకాయిలు కొంతమేరకు చెల్లించారు. ఇద్దరు నాయకులకు మరుసటి ఏడు రాజ్యాధికార కూల్చివేత నేరంపై జైలు శిక్ష పడింది. డబ్బు ఇచ్చి, నాయకత్వాన్ని విడదీసే ఈ పద్ధతి ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

కర్మాగారం ఎవరిదన్న ప్రశ్న

బకాయిల గొడవ ఒక మెట్టు పైకెక్కితే ఆస్తి గొడవ అవుతుంది. సిద్ధాంత భాషకు చైనా కార్మికులు అత్యంత దగ్గరగా వచ్చింది ఇక్కడే. జిలిన్ రాష్ట్రంలోని తోంగ్‌హ్వా ఉక్కు సంస్థలో 2005లో వాటా కొన్న జియాన్‌లాంగ్ అనే ప్రైవేటు గ్రూపు, ధరలు పడిపోయినప్పుడు బయటికి వెళ్లి, లాభాలు కనబడగానే 2009 జూలైలో మెజారిటీ వాటాతో తిరిగొచ్చింది. జూలై 24న వేలాది కార్మికులు ఉత్పత్తి ఆపేశారు. ఆ గొడవలో కొత్త జనరల్ మేనేజర్‌ను కొట్టి చంపారు. అదే రాత్రి ప్రభుత్వం కొనుగోలును రద్దు చేసింది. మరుసటి నెలలోనే హెనాన్‌లోని లింఝౌ ఉక్కు కర్మాగారంలోనూ ఆందోళనతో ప్రైవేటీకరణ ఆగింది.

తోంగ్‌హ్వా హత్య ఘోరం. కానీ దాని వెనకున్న వాదనను గమనించాలి: ఈ కర్మాగారం మా ముందుతరం చెమటతో, తక్కువ జీతాలకు పనిచేసి కట్టింది, దాన్ని అమ్మే హక్కు అధికారికి లేదు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ ప్రకటన తర్వాత 2021 నుంచి మనం వింటున్న వాదనకు ఇది దగ్గరిదే. విశాఖలో ఆ వాదనకు గుర్తింపు పొందిన సంఘాలు, కోర్టు, ఎన్నికల వేదిక ఉన్నాయి. తోంగ్‌హ్వాలో చట్టప్రకారం ఉండాల్సిన ఒకే వేదిక కార్మిక ప్రతినిధుల సభ. సంస్థ రూపం మారేటప్పుడు ఉద్యోగుల భవితవ్య ప్రణాళికకు ఆ సభ ఆమోదం తప్పనిసరని అప్పటికే నిబంధనలున్నాయి. ఆ సభలను సమావేశపరిచేది మేనేజ్‌మెంటే కాబట్టి చాలాచోట్ల అది సంతకాల తంతుగా మిగిలింది. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతే గొడవ నేరుగా యార్డులోకి వస్తుంది.

పాత తరం వైఖరిని ఒక మాటలో పెట్టుబడిదారీ వ్యతిరేకత అనవచ్చు. మార్కెట్ మొత్తాన్ని కాదనే వ్యతిరేకత కాదది. వాళ్లలో చాలామంది చిన్న దుకాణాలు, టాక్సీలు నడిపి బతికారు, పిల్లలను ప్రైవేటు ఉద్యోగాలకు పంపారు. సొంత కష్టంతో ధనవంతుడైనవాడి మీద వాళ్లకు కోపం లేదు. ప్రభుత్వ ఆస్తిని కారుచౌకగా కొట్టేసి ధనవంతుడైన పాత మేనేజర్ మీదే కోపం. 2004లో అర్థశాస్త్రవేత్త లాంగ్ సియాన్‌పింగ్ ఇదే ఆరోపణను పేర్లతో సహా బహిరంగంగా చేసినప్పుడు దేశవ్యాప్తంగా చర్చ రేగింది. పెద్ద ప్రభుత్వ సంస్థలను మేనేజర్లు కొనడాన్ని తర్వాత ప్రభుత్వం నిషేధించింది.

వలస కార్మికుడి లెక్క వేరు

2024లో చైనాలో గ్రామీణ హుకౌతో వ్యవసాయేతర పనుల్లో ఉన్నవారు 29.97 కోట్లు. వీళ్లకు దాన్వెయ్ జ్ఞాపకం లేదు. తల్లిదండ్రుల తరం పొలంలో పడ్డ కష్టంతో పోల్చుకుంటే 1990లలో షెన్‌జెన్ కుట్టు యంత్రం ముందు కూర్చోవడం నగదు సంపాదన. అందుకే మొదటి తరం వలస కార్మికుల్లో మార్కెట్ మీద ద్వేషం కంటే మార్కెట్‌లో తమకు జరిగే అవమానం, మోసం మీద కోపం ఎక్కువ. చెప్పిన రేటు ఇవ్వకపోవడం, ఓటీ ఎగ్గొట్టడం, గుర్తింపు కార్డు దాచిపెట్టుకోవడం, వేలు తెగితే ఇంటికి పంపేయడం లాంటి ఫిర్యాదులు చేసేటప్పుడు వాళ్లు చట్టాన్ని ఉదాహరిస్తారు. మావోను తలచేది అరుదు.

దీనికి రెండు పునాదులున్నాయి. ఒకటి భూమి. ఊళ్లో కుటుంబానికి ఉమ్మడి భూమిలోంచి కాంట్రాక్టుకు వచ్చిన పొలం ఉండటంతో పని పోతే వెనక్కి వెళ్లే చోటు ఉంది. 2008 చివర్లో ఎగుమతులు కూలి దాదాపు 2 కోట్ల మంది పని పోగొట్టుకుని ఊళ్లకు చేరారని ప్రభుత్వమే చెప్పింది. అయినా నగరాల్లో భారీ అల్లకల్లోలం రాలేదు. రెండోది చట్టం. 1995 నుంచి అమలైన కార్మిక చట్టం రోజుకు 8 గంటలు, ఓటీ నెలకు 36 గంటలకు మించకూడదని, మామూలు రోజు ఓటీకి ఒకటిన్నర, వారపు సెలవుకు రెండు, పండుగ సెలవుకు మూడు రెట్లు ఇవ్వాలని చెబుతుంది. 2008 జనవరి 1న వచ్చిన కార్మిక కాంట్రాక్టు చట్టం ప్రకారం చేరిన నెలలోగా రాతపూర్వక ఒప్పందం లేకపోతే రెండో నెల నుంచి రెట్టింపు జీతం. పదేళ్ల సర్వీసు తర్వాత, లేదా వరసగా రెండు ఒప్పందాల తర్వాత గడువులేని ఒప్పందం కోరవచ్చు. తొలగిస్తే ఏడాది సర్వీసుకు ఒక నెల జీతం. అదే ఏడు మే నుంచి కార్మిక ఆర్బిట్రేషన్ (కోర్టుకు వెళ్లే ముందు జరిగే మధ్యవర్తిత్వ విచారణ) ఉచితమైంది. 2007లో మూడున్నర లక్షలున్న ఆర్బిట్రేషన్ కేసులు 2008లో దాదాపు 7 లక్షలకు చేరాయి.

ఈ చట్టాలు కార్మికులకు నిజంగా మేలు చేశాయి. వాటితో పాటే వివాదం రూపం కూడా మారింది. ఆర్బిట్రేషన్‌కు వెళ్లే మనిషి తన కాంట్రాక్టు, తన హాజరు కార్డు, తన బ్యాంకు ఖాతా కాగితాలతో వెళ్తాడు. ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి, తీర్పు 45 రోజుల్లో రావాలి, నచ్చకపోతే కోర్టులో రెండంచెలు. పక్కవాడికి కూడా అదే అన్యాయం జరిగినా అది వేరే ఫైలు. జీతం ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఈ దారిలో చోటే లేదు. చట్టం చెప్పిన కనీసం అందిందా లేదా అన్నదే తేలుతుంది. కార్మికుడు "మేము" అనడం మానేసి "నేను" అనేలా చేయడంలో ఈ వ్యవస్థ పోలీసుల కంటే ఎక్కువ పనిచేసిందని చెప్పాలి.

సామాజిక బీమా విషయంలో వలస కార్మికుల వైఖరి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. చాలామంది "బీమా వద్దు, ఆ డబ్బు చేతికివ్వండి" అని యజమానితో ఒప్పుకుంటారు. ఇది అజ్ఞానం అనుకోవడానికి వీల్లేదు. పెన్షన్‌కు ఉద్యోగి 8 శాతం, సంస్థ 2019 నుంచి 16 శాతం కట్టాలి. పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ల చందా ఉండాలి. 2010కి ముందు నగరం వదిలి వెళ్లేవారికి సొంత వాటా మాత్రమే చేతికొచ్చేది, సంస్థ కట్టింది ఆ నగరం నిధిలోనే ఉండిపోయేది. అలా నష్టపోయిన తరానికి ఆ నిధి మీద నమ్మకం కుదరడం కష్టం. 2014 ఏప్రిల్‌లో డాంగ్‌గ్వాన్‌లోని యూ యువెన్ చెప్పుల కర్మాగారంలో 40 వేల మంది సమ్మె చేసింది మాత్రం బీమా కోసమే. రిటైర్‌మెంట్‌కు దగ్గరైన వయసు వచ్చాక కంపెనీ ఏళ్ల తరబడి తక్కువ జీతం చూపించి చందా కట్టిందని తేలింది. అక్కడా ఒక చిక్కు వచ్చింది. పాత బకాయి కట్టించుకోవాలంటే ఉద్యోగి కూడా తన వాటా పాత బకాయిని ఒకేసారి కట్టాలి. చాలామంది దగ్గర అంత సొమ్ము లేదు.

సమ్మె మొదలైతే

సమ్మె హక్కు 1975, 1978 రాజ్యాంగాల్లో ఉంది. 1982 రాజ్యాంగం దాన్ని తీసేసింది. నిషేధించిన చట్టమూ లేదు. పని ఆగితే సంఘం కార్మికుల తరఫున మాట్లాడి, ఉత్పత్తి త్వరగా మొదలయ్యేలా సాయపడాలని సంఘాల చట్టం చెబుతుంది.

2010 మే 17న ఫోషాన్ నగరంలోని నాన్‌హాయ్‌లో హోండా గేర్‌బాక్స్ ప్లాంటులో మొదలైన సమ్మె దీనికి మంచి ఉదాహరణ. 1,800 మంది పనిచేసే ఆ ప్లాంటు ఆగితే విడిభాగాల నిల్వలు పెట్టుకోని హోండా కార్ల తయారీ ప్లాంట్లు నాలుగూ రోజుల్లోనే ఆగిపోయాయి. కార్మికుల్లో చాలామంది ఒకే రకమైన వృత్తివిద్యా బడుల నుంచి వచ్చిన యువకులు, ఇంటర్న్‌లు. సమ్మె బయటికి పొక్కకుండా మాట్లాడుకోవడానికి అది తోడ్పడింది. నెలకు దాదాపు 500 యువాన్ల పెరుగుదల సాధించారు. సంఘానికి కొత్తగా ఎన్నికలు జరపాలన్నది మరో డిమాండ్. మే 31న స్థానిక సంఘం మనుషులే సమ్మె చేసేవారితో తలపడ్డారు. తర్వాత బహిరంగ లేఖలో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

చైనాలో చట్టబద్ధమైన సంఘం ఒక్కటే: అఖిల చైనా కార్మిక సంఘాల సమాఖ్య. సభ్యులు 30 కోట్లకు పైగా. సంస్థ తన మొత్తం జీతాల బిల్లులో 2 శాతం దానికి కట్టాలి. కర్మాగార స్థాయిలో అధ్యక్షుడు చాలాచోట్ల మానవ వనరుల అధికారో, డిప్యూటీ మేనేజరో అవుతాడు. పండుగకు నూనె డబ్బా, సినిమా టికెట్లు పంచే సంక్షేమ విభాగంగానే కార్మికుడికి సంఘం తెలుసు. మన దగ్గర ఏడుగురు కలిసి సంఘం నమోదుకు దరఖాస్తు చేసుకునే వెసులుబాటుతో దీన్ని పోల్చలేం.

సమ్మె ముదిరితే స్థానిక ప్రభుత్వం అధికారుల బృందాన్ని పంపుతుంది. మొదట గుంపును ఐదుగురు ప్రతినిధులను ఎన్నుకోమంటారు. డబ్బుతో తీరే డిమాండ్లను యజమాని చేత, అతను పారిపోతే ప్రభుత్వ అత్యవసర నిధి నుంచి తీరుస్తారు. ఆ ఐదుగురిలో ముందు నిలిచినవారు తర్వాత ఉద్యోగం పోగొట్టుకోవచ్చు, నిర్బంధంలో పడొచ్చు. మిగతావారు నేర్చుకునే పాఠం స్పష్టం: గొడవ చేస్తే డబ్బు వస్తుంది, నాయకత్వం వహిస్తే చేటు వస్తుంది. నాయకులు లేని, ఒక్క కర్మాగారానికే పరిమితమైన, డబ్బు డిమాండ్లతో ఆగిపోయే ఆందోళనలు ఎందుకు ఎక్కువో ఇది చెబుతుంది.

దీనికి నమ్మకం కోణం కూడా ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మన సామెతకు దగ్గరి మాట చైనాలోనూ ఉంది: సూత్రం మంచిదే, వంకర నోటి సన్యాసి దాన్ని వంకరగా చదివాడు. చట్టాలు చేసేది బీజింగ్, వాటిని అమలు చేయని నింద పడేది కౌంటీ అధికారి మీద. బకాయిలు చెల్లించమని ఆదేశించే మంచిపేరు కేంద్రానికి, చెల్లించలేని చెడ్డపేరు స్థానిక ప్రభుత్వానికి దక్కుతాయి. వ్యవస్థ మీదికి రావలసిన విమర్శ ఈ నిర్మాణంలో కింది మెట్టు దగ్గరే ఖర్చయిపోతుంది.

2018: గీత ఎక్కడుందో తేలిన ఏడాది

సోషలిస్టు భాష సురక్షితమన్న మాటకు హద్దు షెన్‌జెన్‌లో కనిపించింది. 2018 వేసవిలో జాసిక్ అనే వెల్డింగ్ యంత్రాల కంపెనీ కార్మికులు జరిమానాలు, పని గంటల మీద ఫిర్యాదులతో చట్టబద్ధంగానే సంఘం పెట్టుకోబోయారు. ముందు నిలిచినవారిని కంపెనీ తొలగించింది, జూలైలో పోలీసులు అరెస్టులు చేశారు. పెకింగ్ విశ్వవిద్యాలయంతో సహా పలు విశ్వవిద్యాలయాల మార్క్సిస్టు సంఘాల విద్యార్థులు, కొందరు రిటైరైన పార్టీ సభ్యులు మద్దతుకు వచ్చారు. ఆగస్టు 24న హుయ్‌ఝౌలో వాళ్లు బస చేసిన చోట పోలీసులు దాడి చేశారు. ఆ విద్యార్థులు కోరింది ప్రభుత్వ మార్పు కాదు. పార్టీ తన పుస్తకాల్లో నేర్పిందే ఆచరించమని అడిగారు. అదే ఏడు మే నెలలో మార్క్స్ 200వ జయంతిని బీజింగ్ ఘనంగా జరిపింది.

ప్రభుత్వం కలవరపడింది మావో చిత్రపటాన్ని చూసి కాదు. లియావోయాంగ్‌లో పాత కార్మికులు, గ్వాంగ్‌డాంగ్‌లో వలస కార్మికులు, బీజింగ్‌లో విద్యార్థులు అప్పటివరకు వేర్వేరు లోకాలు. జాసిక్‌లో సిద్ధాంతం తెలిసినవారు, కర్మాగారంలో ఉన్నవారు, ఊర్లు దాటిన మద్దతు ఒకేచోట చేరాయి. ఈ కలయికను చైనాలో ఏ ఆందోళనకూ అనుమతించరు, దాని భాష ఏదైనా సరే. 2015 డిసెంబరులో గ్వాంగ్‌డాంగ్ కార్మిక సహాయ సంస్థల మీద జరిగిన అణచివేత కూడా కర్మాగారాల మధ్య అనుభవాన్ని మోసుకెళ్లే వంతెనలనే తెంచింది.

"పెట్టుబడిదారు" తిట్టయిన కాలం

2019 మార్చిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజుల పనిని (దీన్నే 996 అంటారు) ఖండిస్తూ ఆన్‌లైన్ ఉద్యమం మొదలుపెట్టారు. అలా పనిచేయగలగడం అదృష్టమన్న అలీబాబా కంపెనీ వ్యవస్థాపకుడు జాక్ మా, అంతకుముందు దాకా యువత ఆరాధించిన వ్యక్తి, ఆ తర్వాత రెండేళ్లలో నెటిజన్ల నోట "రక్తం పీల్చే పెట్టుబడిదారు" అయ్యాడు. 2020లో డెలివరీ రైడర్ల మీద వచ్చిన ఒక పత్రికా కథనం, అల్గారిదమ్ నిమిషాలు కుదించేకొద్దీ రైడర్లు రెడ్ సిగ్నళ్లు దాటుతూ ప్రాణాలు పణంగా పెడుతున్న తీరును దేశమంతటికీ చూపింది. కార్మిక సంఘాల సమాఖ్య సర్వే ప్రకారం 40.2 కోట్ల ఉద్యోగుల్లో 8.4 కోట్ల మంది ఇలాంటి కొత్త తరహా పనుల్లో ఉన్నారు.

రైడర్ విషయంలో కాంట్రాక్టు చట్టం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది: యజమాని ఎవరు? యాప్ కంపెనీ పనిని ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ మరొకరికి ఇస్తుంది, కొందరి చేత ఏకంగా స్వయం ఉపాధి వ్యాపారులుగా నమోదు చేయిస్తుంది. ప్రమాదం జరిగితే బాధ్యత తీసుకునేవాడు కాగితం మీద దొరకడు. 2021 జూలైలో ఎనిమిది శాఖలు కలిసి "పూర్తిగా ఉద్యోగ సంబంధం కాని" మధ్యరకం పనిని గుర్తించి కొన్ని రక్షణలు సూచించాయి.

ఈ తరం వాడే మాటలు మార్క్స్‌వి. కోరేది ఆదివారం సెలవు, కొనగలిగిన ఇల్లు. పెట్టుబడిదారు అంటే వాళ్ల దృష్టిలో ప్రైవేటు ప్లాట్‌ఫారం యజమాని. ప్రభుత్వ ఉద్యోగం మాత్రం కలల గమ్యం. సివిల్ సర్వీసు పరీక్షకు ఏటా పెరిగే రద్దీ అదే చెబుతుంది. కాబట్టి వీళ్ల పెట్టుబడిదారీ వ్యతిరేకత రాజ్యాన్ని బలపరిచేదిగా కూడా పనిచేస్తుంది. 2020 చివరి నుంచి టెక్ కంపెనీల మీద ప్రభుత్వం కొరడా ఝళిపించినప్పుడు, 2021 ఆగస్టులో 996 పని చట్టవిరుద్ధమని సుప్రీం ప్రజా న్యాయస్థానం ప్రకటించినప్పుడు వచ్చిన చప్పట్లు ఇందుకే.

సర్వేలు ఎంతవరకు నమ్మాలి

చైనాలో అభిప్రాయ సర్వేలు చదివేటప్పుడు మూడు లోపాలు దృష్టిలో ఉండాలి. హుకౌ జాబితాల నుంచి నమూనా తీస్తే డార్మిటరీల్లో ఉండే వలస కార్మికులు జారిపోతారు. దీన్ని సరిచేయడానికి జీపీఎస్ గళ్లు గీసి, ఆ గడిలో నిజంగా ఉంటున్నవారిని ఎంచుకునే పద్ధతి వచ్చింది. భయంతో ఇచ్చే జవాబులు రెండో లోపం. దానికి జాబితా పద్ధతి వాడతారు: సగం మందికి మూడు మామూలు వాక్యాలు, మిగతా సగానికి అవే మూడుతో పాటు సున్నితమైన నాలుగోది ఇచ్చి, ఎన్ని వాక్యాలతో ఏకీభవిస్తారో సంఖ్య మాత్రమే అడుగుతారు. ఉదాహరణకు సగటులు 1.9, 2.5 వస్తే, నాలుగో వాక్యానికి మద్దతు 60 శాతం అన్నమాట. ఇలా పరోక్షంగా అడిగినప్పుడు పార్టీకి మద్దతు నేరుగా అడిగినప్పటి కంటే బాగా తగ్గుతుంది. అయినా సగానికి పైనే నిలుస్తుంది. మూడోది ప్రశ్న లోపం. "సోషలిజాన్ని సమర్థిస్తారా" అంటే కొందరికి రాజ్యాంగం, కొందరికి పెన్షన్, కొందరికి తాత చెప్పిన కరువు గుర్తొస్తాయి.

అందుకే అసమానత గురించి అడిగిన ప్రశ్నలు ఎక్కువ పనికొస్తాయి. 2004, 2009, 2014 జాతీయ సర్వేల్లో పేదరికానికి కారణంగా జనం మొదట చెప్పింది సామర్థ్యం లేకపోవడం. కష్టపడితే ఫలితం తప్పక వస్తుందని 60 శాతానికి పైగా నమ్మారు. 2023లో అదే ప్రశ్నలు వేసినప్పుడు అవకాశాల్లో అసమానత మొదటి కారణంగా పైకొచ్చింది. కష్టానికి ఫలితం ఉంటుందన్నవారు 30 శాతం లోపుకు పడిపోయారు. సర్వే పద్ధతిలో మార్పు ఉంది కాబట్టి శాతాల తేడాను యథాతథంగా తీసుకోలేం, కానీ దిశ గురించి అనుమానం అక్కర్లేదు. తనను తాను నిందించుకునే మనిషి, ఏర్పాటునే నిందించే మనిషిగా మారుతున్నాడు.

రాబోయే ఒత్తిడి పెన్షన్ దగ్గర

వలస కార్మికుల సగటు వయసు 43 దాటింది, ప్రతి పదిమందిలో ముగ్గురికి 50 పైబడ్డాయి. 2025 జనవరి 1 నుంచి రిటైర్‌మెంట్ వయసు 15 ఏళ్ల వ్యవధిలో మెల్లగా పెరుగుతోంది: పురుషులకు 60 నుంచి 63కి, శారీరక శ్రమ చేసే మహిళలకు 50 నుంచి 55కి. పెన్షన్‌కు కావలసిన కనీస చందా కాలం 2030 నుంచి అంచెలంచెలుగా 15 ఏళ్ల నుంచి 20 ఏళ్లకు పోతుంది. బీమా వద్దని ఉద్యోగి రాసిచ్చిన కాగితం చెల్లదని సుప్రీం ప్రజా న్యాయస్థానం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలయ్యేలా తేల్చింది. చిన్న వర్క్‌షాపులకు ఇది నేరుగా ఖర్చు. కొన్నిచోట్ల బీమా అక్కర్లేని రిటైరైనవారిని, రోజుకూలీలను పెట్టుకోవడం వైపు మొగ్గు కనిపించడం సహజం.

నగర సంస్థల నుంచి రిటైరైనవారికి నెలకు సగటున 3,000 యువాన్లకు పైగా వస్తుంటే, గ్రామీణ పథకం కింద కేంద్రం నిర్ణయించిన కనీసం 2025లో 143 యువాన్లు. ముప్ఫై ఏళ్లు నగరంలో ఇళ్లు కట్టి, చందా ఏళ్లు చాలక ఊరికి చేరే తాపీమేస్త్రీ ఈ రెండో వరుసలో పడతాడు. దాన్వెయ్ కార్మికుడిలా అతనికి ఎవరూ సోషలిజం వాగ్దానం చేయలేదు, ఆర్బిట్రేషన్‌కు తీసుకెళ్లడానికి ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది, పనిచేసిన కాంట్రాక్టర్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. ఈ బాకీని స్థానిక ప్రభుత్వం మీదికి నెట్టడం కూడా కుదరదు. 143 అన్న సంఖ్యను నిర్ణయించేది బీజింగే, ఏటా బడ్జెట్‌లో దాన్ని 20 యువాన్లు పెంచాలా అంతకన్నా ఎక్కువా అన్నది తేల్చేదీ అక్కడే.